ఊటపక్కవాళ్ళు

ప్లాసిదో పెదనాన్న నోట్లో దూదిపుల్ల పెట్టి
బుగ్గ లోపల ముప్పై లెక్కపెట్టేదాకా రుద్దాను.
"సంతలో గుర్రానికి పళ్ళు చూసినట్టు చూస్తున్నావే" అన్నాడు.
డెబ్భై తొమ్మిదేళ్ళ మనిషి.
ఓహితో కాలువకి ముప్పై ఏళ్ళుగా పెద్ద,
ఎవరి చేనికి ఎన్ని గంటల నీళ్ళో అంతా నోటిలెక్క.
ఈ పరీక్షకి నా నెత్తురు పనికిరాదట.
తండ్రి నుంచి కొడుక్కి మాత్రమే దిగే పోగు,
నాలో లేదు. నాన్న లేడు.
మిగిలింది ఈయనే.

ఆయనకేమో పరీక్షతో పనే లేదు, జవాబు ముందే తెలుసు.
ఇతురాల్దే అంటే బాస్కు కొండల భాషలో
'ఊటపక్క'.
ఆ ఊట వదిలి ఓడెక్కి, వెరాక్రూజ్‌లో దిగి,
జకటేకస్ వెండిగనుల దుమ్ములో సగం ఊపిరి వదిలేసి,
పదహారు వందల తొంభై మూడులో
ఎడ్లబళ్ళతో, గొర్రెలతో, గొంతు నిండా దాహంతో
న్యూమెక్సికో ఎర్రమట్టికి చేరిన కెప్టెన్ దోన్ మార్తీన్.
ఇదిగో గోడమీద ఆయన కత్తి!
(అది ముత్తాత ఒక రైల్వే గుత్తేదారు దగ్గర కొన్నదని
అత్త నా చెవిలో వేసి చాలా ఏళ్ళయింది.)

ఆస్పత్రిలో ఎక్స్‌రే గది తాళం వేశాక
సాయంత్రాలు శాంతా ఫే వెళ్ళి పాత రీళ్ళు తిప్పేదాన్ని.
ఇతురాల్దే, యితురాలె, తురాల్దె,
ఒకచోట ఉత్త తూరల్.
గుమాస్తా చెవికి ఎలా వినిపిస్తే అలా.
ఒక పెళ్ళి. మూడెకరాల తగాదా.
మశూచి ఏడాది ఒకే పేజీలో పదకొండు చిన్న శిలువలు,
పదకొండోది గీసేసరికి కలం పాళీ చీలినట్టుంది.

పదిహేడు వందల అరవై రెండు, ఫిబ్రవరి:
"మైదానాల తెగల పిల్లవాడు. వయసు ఏడు కావచ్చు.
తల్లిదండ్రులు తెలియదు.
దోన్యా హెర్త్రూదిస్ ఇతురాల్దే ఇంట ఉంటున్నాడు.
హోసే తోరిబియో అని పేరు పెట్టి బాప్తిస్మమిచ్చాను."
అంచున, వేరే సిరాతో:
ఒక కంచరగాడిద, రెండు దుప్పట్లు.
మనవాడు కాడులే అనుకుని
రీలు ముందుకి తిప్పేశాను.

తొమ్మిది వారాలకి ఫలితం వచ్చింది.
ముప్పై ఏడు గుర్తుల్లో ముప్పై అయిదు కలిసినవాడు
బాస్కు కొండల్లో లేడు.
ఓక్లహామాలో స్కూలు బస్సు నడుపుతాడు,
లీలండ్ రోన్‌హార్స్.
నేనడగకముందే ఆయనే రాశాడు:
"మా వైపు ఒక మాట ఉంది.
గుర్రాలు తోలుకురావడానికి అన్నదమ్ములిద్దరు వెళ్ళారట,
పెద్దవాడే తిరిగొచ్చాడట.
నేను పెద్దవాడి వైపు."

మళ్ళీ శాంతా ఫే. మళ్ళీ ఆ రీలు. ఆ ఫిబ్రవరి.
ఇంటిపేరంటే ఇంకేమిటి మరి, ఇంటి పేరే.
ఎవరింట పొయ్యి ఊదాడో, ఎవరి గొర్రెల వెంట నడిచాడో,
ఎవరి గడపలో చలికి ముడుచుకు పడుకున్నాడో
ఆ ఇంటి పేరు.
కెప్టెన్ నెత్తురు కూడా నాలో ఉందేమో, లేకపోలేదు,
ఏ ముత్తవ్వ వైపునుంచో,
పేరు వదిలేసి, చీకట్లో నడిచొచ్చి.

పెదనాన్నకి చెప్పినప్పుడు పచ్చిమిరపకాయలు కాలుస్తున్నాడు.
తొక్క మాడిపోయేదాకా తిప్పలేదు.
"ఎంతకన్నావు?"
"ఒక కంచరగాడిద, రెండు దుప్పట్లు."
"ఆడదా, మగదా?"
"రాయలేదు."
"రాయాలిగా" అన్నాడు కోపంగా,
గొంతు మాత్రం కోపంలా లేదు.
"పిల్లాడి పేరు?"
"తోరిబియో."
నీళ్ళ వంతు పుస్తకంలో కొత్త పేరు చేర్చేముందు
రెండుసార్లు పలికి చూసుకునే అలవాటు ఆయనకి.
రెండుసార్లు పలికాడు.

కత్తి గోడమీదే ఉంది. దాని గురించి ఇద్దరం ఎత్తలేదు.
లేచి వెళ్ళబోతుంటే పిలిచాడు:
"ఆ బస్సాయనకి రాయి.
మార్చి ఆఖరి శనివారం కాలువ పూడిక తీస్తాం.
రమ్మను.
పార తెచ్చుకోమను,
నా దగ్గరున్న రెండోదానికి కర్ర విరిగింది."